సర్కారు అడుగు

గుండ్లకుంట కురుమయ్యకు రెండు నడకలున్నాయి. ఒకటి ఆయన సొంతం. మనిషి తాటిదుంగలా పొడుగు, అంగ బారెడు పడుతుంది. జడ్చర్ల సంతకు ఆయనతో బయలుదేరినవాళ్లు సగం దారిలోనే వెనకబడి "ఓ కురుమన్నా, ఎవడన్న తరుముతున్నడా నిన్ను" అని కేకేస్తారు. రెండోది సర్కారు నడక. అది ఏడాదికి రెండుసార్లే బయటికొస్తుంది, వానాకాలం కోతలప్పుడొకసారి, యాసంగి కోతలప్పుడొకసారి. అప్పుడాయన ఒక కాలి బొటనవేలికి రెండో కాలి మడమ ఆనించి, చేపను చూసిన కొంగలా ఆగి ఆగి నడుస్తాడు.

పదేళ్లపాటు గుండ్లకుంట ఎంత పండిస్తుందో పై ఆఫీసులకు చెప్పింది ఆ రెండో నడకే.

కాగితాల్లో దాన్ని పంట కోత ప్రయోగం అంటారు. ఊళ్లో అందరి వడ్లూ కూర్చుని తూచలేరు కాబట్టి ఆఫీసు నాలుగు పొలాలు ఎంచుతుంది. పొలానికి వచ్చిన వ్యవసాయ అధికారి చేతిలో ఉన్న ట్యాబు రెండు అంకెలు చెబుతుంది: నైరుతి మూల నుంచి పొడుగున ఇన్ని అడుగులు, అక్కడి నుంచి అడ్డంగా ఇన్ని అడుగులు. అడుగులు ఆగినచోట మేకు దిగుతుంది. ఐదు మీటర్లకు ఐదు మీటర్లు తాడు కట్టి, లోపలి పైరు కోసి, కొట్టి, తూర్పారబట్టి తూస్తారు. ఆ చదరంలో రాలిన కిలోలను బట్టి ఎకరానికి ఎన్ని క్వింటాళ్లో లెక్క. ఎకరాలు కలిస్తే ఊరు, ఊళ్లు కలిస్తే మండలం, మండలాలు కలిస్తే జిల్లా. చివరికి హైదరాబాదులో ఎవరో పల్లెలు ఇంత సంపాదిస్తున్నాయి, పట్నాలు ఇంత సంపాదిస్తున్నాయి అని గీతలు గీస్తారు. ఆ గీత మొదలయ్యేది కురుమయ్య కాలివేలి దగ్గర.

నిజానికి అడుగులు వేయాల్సింది అధికారే. కానీ మడిలోకి దిగి చెప్పులు పాడుచేసుకున్న అధికారిని గుండ్లకుంట చూడలేదు. వాళ్లు గట్టుమీద నిలబడి అంకె చదివేవాళ్లు. కూలికి వచ్చిన కురుమయ్య నడిచేవాడు.

కొలత అంటే ఏమిటో ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పంతొమ్మిదేళ్లకే గుంపు మేస్త్రి వెంట లారీ ఎక్కిన పాలమూరు కూలీ ఆయన. ఏ ఊరికి నీళ్లు పోతాయో తెలియని కాలువలు తవ్వాడు, ఏ పట్నానికి వెలుగొస్తుందో తెలియని డ్యాములకు మట్టి మోశాడు. శనివారం శనివారం మేస్త్రి వచ్చి, తవ్విన గుంతను అడుగులతో కొలిచి కూలి కట్టేవాడు. మేస్త్రి వెళ్లాక కురుమయ్య అదే గుంతను మళ్లీ నడిచి చూసుకునేవాడు. ప్రతిసారీ మేస్త్రి లెక్క తక్కువే వచ్చేది. ఒకసారి ధైర్యం చేసి అడిగితే మేస్త్రి బీడీ తీసి నవ్వాడు.

"నీ కాలు నీది, నా కాలు నాది. లెక్క నా కాలిదే."

ఆ మాట కురుమయ్య లోపల ముల్లులా విరిగి ఉండిపోయింది. పదిహేడేళ్లు వలసలో తిరిగి, మోకాళ్లు అరిగాక ఊరికి వచ్చాడు. సర్కారు అసైన్‌మెంటు కింద ఇచ్చిన ఎకరం చౌడు నేల ఉంది, వరి ఎదగదు, జొన్న చల్లితే పిట్టలకు సరిపోతుంది. తెలంగాణ వచ్చాక కుంట పూడిక తీశారు, బోర్లలో నీళ్లు పైకొచ్చాయి, ఊరంతా వరి ఎక్కింది. అప్పుడు కిష్టయ్య పటేలు దగ్గర రెండెకరాలు కౌలుకు తీసుకున్నాడు. కాగితం లేదు, మాట మీద కౌలు.

ఆ కిష్టయ్య పొలమే మొదటిసారి పంట కోతకు ఎంపికైంది. ఎప్పుడూ "ఏం రా కురుమా" అని తప్ప పిలవని మనిషి, ఆ వారం "కురుమయ్యా" అన్నాడు.

"కురుమయ్యా, నీకు తెల్వంది కాదు. సర్కారుకు మన గింజ కనవడ్డదంటె మన కంచంల చెయ్యి వెడ్తది. మా నాయిన లెవీ కింద గుంజుకపోతరని భయపడి ఇంట్లనే పాతర తవ్వి వడ్లు దాసిండు. గిప్పుడు లెవీ లేదు గని, కన్ను గదే కన్ను. తక్కువ పండిందని రాస్కపోతె కరువు కింద ఏదన్న ఇస్తరు. ఎక్కువని రాస్కపోతె తెల్లకార్డు గూడ గుంజుకుంటరు."

"నన్నేం చెయ్యమంటవు పటేలా?"

"ఏం లేదు. జర చిన్నగ నడువు."

గట్టు పక్క పైరు ఎప్పుడూ పలచనే. చెట్టు నీడ, ఎలుక బొక్కలు, చౌడు తేలిన మూలలు అన్నీ గట్టు దగ్గరే. నిండు అడుగులు వేస్తే పొలం నడుమ దిగాల్సిన మేకు, మడమకు వేలు ఆనించి నడిస్తే గట్టు దాటిన నాలుగు బారల్లోనే దిగుతుంది. ఆ రోజు కాంటా మీద ఏడు కిలోలు తూగాయి. అంటే ఎకరానికి పదకొండు క్వింటాళ్లు. అదే పొలంలో కిష్టయ్య ఇంటికి తోలుకుంది ఇరవై రెండు.

కురుమయ్య ఆ సాయంత్రం తనలో తాను నవ్వుకున్నాడు. బతుకులో మొదటిసారి లెక్క తన కాలిది అయింది.

ఆ తర్వాత అది ఊరి ఆనవాయితీ అయింది. ఎవరి పొలం పడినా వాళ్లు ముందురోజే వచ్చి, ఏ మూల పైరు పలచనో చూపించి పోయేవాళ్లు. కరువు సాయం మాత్రం పదేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. అయినా ఎవరూ మానలేదు. పట్వారీ గొలుసు చేతిలో, లెవీ కుంచం చేతిలో, మిల్లోడు తేమ పేరిట తీసే తరుగు చేతిలో తరాలుగా దెబ్బతిన్న జనం వాళ్లు. ఇన్నాళ్లకు కొలత తమ చేతికొస్తే అందులో నిజమే పలకాలని చెప్పడం, ఏనాడూ కొలతలో మోసపోని వాళ్లకు సులువు.

ఊళ్లో బడి పక్క ఖాళీ జాగాలో వడ్ల కొనుగోలు కేంద్రం ఉంది. జనం సెంటర్ అంటారు. మహిళా సంఘం నడుపుతుంది, సంఘానికి పెద్ద స్వరూప. కురుమయ్య భార్య నాగులమ్మ అక్కడ తాలు తీసే మిషన్ దగ్గర నిలబడి, ఏ వడ్లు బాగున్నాయో ఏవి ఇంకోసారి పట్టాలో చెబుతుంది. ఆమె చెయ్యి వడ్లలో పెట్టి తీసిందంటే తేమ మిషన్ కూడా అదే మాట చెబుతుందని పేరు. పది బస్తాల రైతు కూడా అక్కడ సర్కారు ధరకు అమ్ముకుంటాడు. అది లేని రోజుల్లో మిల్లు ఏజెంటు పొలం గట్టుమీదికే వచ్చి, నోటికొచ్చిన ధర చెప్పి ఎత్తుకుపోయేవాడు.

ఈ యాసంగిలో, కోతలు మొదలైన వారం, స్వరూప ఫోనుకు కబురొచ్చింది. గుండ్లకుంటలో సెంటర్ లేదు. వడ్లు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని పట్నం యార్డుకు తోలుకోవాలి.

బడి పక్క జాగాలో జనం పోగయ్యారు. కిష్టయ్య కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు.

"నేనప్పుడే చెప్పిన. పట్నం బూతులన్నీ గెలిచిన పార్టీకి వడ్డయి. మనమేమో మొండికేసి ఎదురు పార్టీకి గుద్దితిమి. పట్నంల అంగడి పెంచుతరు, లైట్లేస్తరు, మన సెంటర్ గుంజుకపోయి ఆడ వెడ్తరు. పైసలు పుట్టేకాడ ఓట్లు గూడ తెలివిగ పడ్తయి."

"మన బూతుల గూడ వాళ్లకు నూటపన్నెండు వడ్డయి గద పటేలా" అన్నారెవరో వెనక నుంచి.

చూపులు ఒక్కొక్కటిగా కురుమయ్య వాడ మనుషులు నిలబడ్డ వైపు తిరిగాయి. ఆ చూపులో ఉన్నది వాళ్లకు కొత్త కాదు. ఊళ్లో గొర్రె తప్పిపోయినా ముందు అటే తిరుగుతుంది.

"అట్ల చూస్తరేంది?" అంది స్వరూప. "మిషన్ల గుద్దేటప్పుడు మీరేమన్న అట్టడబ్బల దూరి చూసిండ్రా?"

కురుమయ్య అనుమానం ఇంకో దిక్కుకు పోయింది. కిష్టయ్య అల్లుడు మిల్లుకు వడ్లు తోలే ఏజెంటు. సెంటర్ పోతే లాభం ఎవరికి? ఓట్ల కథ ముందుపెట్టి, వెనక అల్లుడికి దారి చేస్తున్నాడా పటేలు? ఆ మాట ఎవరితోనూ అనలేదు. తన కౌలు భూమి మీద నిలబడి ఆ మాట అనేంత జాగా ఆయనకు లేదు.

ఆదివారం కొడుకు డానియల్ జడ్చర్ల నుంచి వచ్చాడు. మిషన్ దవాఖానలో పుట్టినప్పుడు నర్సమ్మ పెట్టిన పేరది. తల్లి చర్చికి పోతుంది, తండ్రి మైసమ్మ పండుగకు కోడిని కోస్తాడు, కొడుకు రెండుచోట్లా తింటాడు. మందుల కంపెనీలో కాంట్రాక్టు పని. ఒళ్లంతా ఏదో ఘాటు వాసన, ఎన్నిసార్లు స్నానం చేసినా పోదు.

సెంటర్ సంగతి విని డానియల్ ప్లేటు పక్కకు జరిపాడు. "బాపు, మా క్యాంటీన్ల సూపర్‌వైజర్ ఏమంటడో తెలుసా? పట్నం సంపాయిస్తది, పల్లె తింటది. సంపాయిచ్చెటోడు రోడ్లు, కంపెనీలు చూసి ఓటేస్తడట. తినెటోడు పింఛన్ చూసి ఏస్తడట. మా కంపెనీల ఒక్క షిఫ్టుల తీసే మందు ధర మన ఊరు ఏడాది వడ్లకన్న ఎక్కువ. గది మాత్రం నిజమే."

"గా షిఫ్టుల నువ్వున్నవా లేవా?"

"ఉన్న."

"నువ్వు ఏ ఊరోనివి?"

డానియల్ నవ్వాడు.

"నవ్వుడు గాదు. నీ చెమట పట్నం లెక్కల వడ్డది, నీ ఆకలి మన ఊరి లెక్కల వడ్డది. నేను తవ్విన కాలువలు గూడ గట్లనే ఎవని లెక్కలనో వడ్డయి. గా సూపర్‌వైజర్ ఏం తింటడు, గోలీలు బుక్కుతడా?"

"గదంతా నిజమే బాపు. కని పైన కాగితం చూస్తరు. మన ఊరి కాగితం మీద ఏమున్నదో ఎవలన్న చూసిండ్రా?"

ఆ మాట కురుమయ్యకు నచ్చింది. కాగితం చూడాలి. కిష్టయ్య ఎవరి ద్వారా ఏం రాయించాడో ఆ కాగితంలోనే ఉంటుంది. మరుసటి రోజు స్వరూపతో కలిసి పట్నం బస్సెక్కాడు.

వ్యవసాయ ఆఫీసులో ముందు తగిలినవాడు గుమాస్తా రామచంద్రం. ఊరి పేరు వినగానే కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు. "గుండ్లకుంటనా? పండేది పదకొండు, అమ్మేది ఇరవై. ఓట్లేమో ఎదురు పార్టీకి. మీ ఊర్లె వడ్లకు మంత్రం ఏమన్న ఏస్తరా?"

స్వరూపకు అర్థం కాలేదు. కురుమయ్య పదకొండు అన్న అంకె దగ్గరే ఆగిపోయాడు, ఎందుకో ఆయనకూ ఇంకా తెలియదు.

వ్యవసాయ అధికారి నిహారిక లోపలి గదిలో ఉంది. ఇరవై ఆరేళ్ల పిల్ల, మహబూబ్‌నగర్ టౌన్లో పెరిగింది, ఈ పనిలో చేరి ఏడాది. కురుమయ్యను తాతా అంటుంది. వాళ్లను కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేసింది.

"స్వరూపక్కా, నేను చెప్పొద్దు గని చెప్తున్న. సెంటర్ పోయింది ఓట్లకు కాదు. మీ సంఘం మీద అనుమానముంది."

"మా మీదనా? ఏమనుమానం?"

నిహారిక ట్యాబు తిప్పి చూపించింది. "మీ ఊర్లె వరి ఆరు వందల ఎకరాలు. ఎకరానికి పదకొండు క్వింటాళ్లు. తిండికి, విత్తనాలకు పోను ఐదు వేల క్వింటాళ్లు గూడ అమ్మకానికి రావద్దు. పోయిన యాసంగి మీరు కొన్నది పదకొండు వేలు. పై ఆరు వేలు యాడికెల్లొచ్చినయి?"

"పొలాలల్లకెల్లి" అంది స్వరూప.

"కాగితం మీద గా పొలాలు అంత పండలేదక్కా. బయటి రాష్ట్రం వడ్లు అగ్గువకు తెచ్చి మీ సెంటర్ల కలుపుతున్నరని పైన అనుకుంటున్నరు. విచారణ ఏస్తె మీ మీద, రిజిస్టర్ల సంతకం వెట్టినోళ్ల మీద కేసైతది. నాగులమ్మ సంతకం గూడ ఉన్నది."

"గా పదకొండు ఎవరు చెప్పిండ్రు మేడం?" స్వరూప గొంతు లేచింది. "ఎవరు చెప్పిండ్రో వాని నోట్ల మన్ను వొయ్య. మా ఊర్లె ఇరవైకి తక్కువ పండిన మడి చూపియ్యుండ్రి."

నిహారిక కురుమయ్య వైపు చూసి మామూలుగానే అంది. "పదేండ్ల లెక్కనక్కా. పంట కోతల తూచిందే. తాతనే కదా మేకు కొట్టేది. ఏం తాతా?"

పటేలు చెయ్యి వెతుక్కుంటూ పోయినవాడికి తన కాలే దొరికింది.

కురుమయ్య లేచి నిలబడ్డాడు. చెప్పేస్తే అయిపోయేది. కానీ పక్కన స్వరూప ఉంది, బయట రామచంద్రం చెవులున్నాయి, ఊళ్లో కిష్టయ్య ఉన్నాడు. "బస్సు టైమైతాంది" అని బయటికొచ్చేశాడు.

ఊరికి చేరేలోగా స్వరూప ఏడ్చి, తిట్టి, మళ్లీ ఏడ్చింది. నాగులమ్మ మాత్రం విని ఏడవలేదు. చేతులు కడుక్కొచ్చి, మళ్లీ కడుక్కుంది. "ఒగరి గింజ ముట్టలే నేను" అంది. అంతే. ఆ రోజు అన్నం తినలేదు. మరునాడు తన దగ్గరుండే చర్చి తాళం చెవి కూడా పాస్టరు సాల్మన్‌కు తిరిగి ఇచ్చేసింది, దొంగని పేరొచ్చిన మనిషి దగ్గర దేవుడి తాళం ఎందుకని.

కురుమయ్య రెండు పొద్దులు భార్య చుట్టూ తిరిగాడు. మూడో పొద్దు ఆమె గేదెకు కుడితి పెడుతుంటే గుంజకు ఆనుకుని నిలబడి చెప్పాడు. కొంగ నడక సంగతి, గట్టు దగ్గరి మేకు సంగతి, పదేళ్ల సంగతి.

నాగులమ్మ కుండ కింద పెట్టింది. "అంటె నన్ను దొంగను చేసింది సర్కారు కాదన్నట్టు."

"ఊరంతా చెయ్యమంటెనే చేసిన."

"ఊరు చెయ్యమన్నది, నువ్వు నడిచినవ్. పేరు నాకొచ్చింది." ఆమె గొంతు పెరగలేదు. "గా మేస్త్రి నిన్ను గుంతల ముంచిండని నలబై ఏండ్ల సంది చెప్తవు గద. నువ్వు నన్ను దేంట్ల ముంచినవ్?"

అదే చివరి మాట. ఆ తర్వాత ఆమె ఆయనతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, నీళ్లు పెట్టేది. కావాల్సింది గేదెకు చెప్పేది.

గురువారం పంట కోత. ఈసారీ కిష్టయ్య పొలమే పడింది. బుధవారం కిష్టయ్య కురుమయ్యను ఇంటికి పిలిపించి చాయ్ పోయించాడు. కప్పులో పోయించాడు, అదీ ఇంట్లోవాళ్లు తాగే లోపలి కప్పులో.

"మొన్న రాళ్లవాన కొట్టింది గద కురుమయ్యా. ఈ సారి ఇంకింత చిన్నగ నడువు. నష్టం కింద రాయిచ్చుకుందం."

"సెంటర్ వాయె గద పటేలా. తక్కువ రాయించి రాయించి వాయె."

కిష్టయ్య కళ్లు చిన్నవయ్యాయి. "ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఆఫీసుల."

"గదంతా కట్టుకత. ఓట్ల పగ మీద దుప్పటి కప్పుతున్నరు. నువ్వు ఎవరికి ఏసినవో నేనడిగిన్నా? అడగలే. నూటపన్నెండు యాడివో గూడ అడగలే. నీ కౌలుకు కాగితం గూడ అడగలే." ఆయన చాయ్ ఊదుకున్నాడు. "మాట మీద నడుస్తున్నం. గదే మంచిది."

నిజంగా నష్టపరిహారం కోసమే అడుగుతున్నాడా, అల్లుడి కోసమా? కురుమయ్యకు ఆ రోజూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. చాయ్ మాత్రం చల్లారిపోయింది.

గురువారం పొద్దున గట్టుమీద పదిహేను మంది చేరారు. మామూలుగా ముగ్గురు వస్తారు. కోతకు వాడ ఆడవాళ్లు కొడవళ్లతో నిలబడ్డారు, వాళ్లలో నాగులమ్మ లేదు. నిహారిక ట్యాబు చూసి చదివింది. "పొడుగున ముప్పై నాలుగు, అడ్డం పంతొమ్మిది. నడువు తాతా."

కురుమయ్య నైరుతి మూలలో నిలబడ్డాడు. కాలు ఎత్తలేదు.

"నువ్వు దిగు బిడ్డా."

"నేనా?"

"అడుగులు అధికారియే ఉండాలెనట గద. నా అడుగు నమ్మకు. పదేండ్లు దొంగడుగేసిన. నడుమ వడాల్సిన మేకు గట్టుకు కొట్టిన. మా సెంటర్ల వడ్లు మా వడ్లే. మా ఆడోళ్లు దొంగలు గారు."

గట్టుమీద అందరూ కిష్టయ్య వైపు తిరిగారు. తర్వాత కిష్టయ్య నవ్వాడు. "ఎండకు తల తిరుగుడైంది మేడం ఈనకు. ఎవరో నేర్పిచ్చి తోలిండ్రు. నూటపన్నెండుల ఇదొకటి."

నిహారిక ముఖంలో కూడా నమ్మకం కనబడలేదు. "తాతా, నిజం చెప్పు. ఇన్నాళ్లు తక్కువ కావాల్నని తక్కువ నడిచినవ్. ఇయ్యాల సెంటర్ కావాల్నని మంచి మడికి తోల్కపోతున్నవా?"

"గందుకే నిన్ను దిగమన్న. నేను గట్టు మీదనే కూసుంట."

చెప్పి, నిజంగానే కూర్చున్నాడు. తాడు, మేకు, సుత్తె ముందు పెట్టాడు. ఆ పిల్ల కాసేపు అటూ ఇటూ చూసింది. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి దిగింది. కంకులు పక్కకు తోసుకుంటూ, పైకి లెక్కపెడుతూ నడిచింది. పద్దెనిమిది దాటింది. కురుమయ్య మేకు ఎప్పుడూ దాటని చోటది. ముప్పై నాలుగు అయింది. తిరిగి అడ్డంగా పంతొమ్మిది. ఆమె ఆగినచోట ఏమంత గొప్ప పైరు కాదు, ఒక పక్క రాళ్లవానకు వాలి ఉంది కూడా. మామూలు పైరు. ఆ ఊళ్లో మామూలుగా పండే పైరు.

కోశారు, కొట్టారు, తూర్పారబట్టారు. కాంటా పదమూడు కిలోలు చూపించింది. నిహారిక బస్తా దించి మళ్లీ పెట్టింది. పదమూడే. మూడోసారి కాంటానే తిప్పి పెట్టింది.

"ఎకరానికి ఇరవై ఒకటి" అంది తనలో తాను.

కిష్టయ్య గట్టు దిగి పోతూ కురుమయ్య దగ్గర ఆగాడు. "పండింది చెప్పినవ్. మంచిది. రేపు కార్డులు కోస్తె, పింఛన్లు కోస్తె ఊరు నీ ఇంటికే వస్తది. వచ్చే వానకాలం నా రెండెకరాలు నేనే దున్నుకుంట రా కురుమా."

'రా' తిరిగొచ్చింది. ఒకందుకు కురుమయ్యకు ప్రాణం తేలికయింది.

మిగిలిన మూడు పొలాల్లోనూ నిహారికే నడిచింది. ఆ కాగితం పైకి వెళితే, పై నుంచి ఆమెకే ఇంకో కాగితం వచ్చింది: పదేళ్లు పదకొండు పండిన ఊళ్లో ఉన్నట్టుండి ఇరవై ఒకటి ఎలా పండిందో వివరణ ఇవ్వాలని. ఆమె ఏం రాసిందో తెలియదు. పన్నెండు రోజులకు సెంటర్ తెరిచారు, ఈ ఒక్క యాసంగికి, అదీ కాపలాగా ఒక సారును కుర్చీ వేసి కూర్చోబెట్టి. ఆ పన్నెండు రోజుల్లో ఆగలేని వాళ్లు కొందరు గట్టుమీదే అమ్ముకున్నారు. ఎవరికి అమ్ముకున్నారో వేరే చెప్పాలా.

సెంటర్ ఎందుకొచ్చిందన్నదానికి ఊళ్లో మూడు కథలు నడుస్తున్నాయి. కిష్టయ్య గెలిచిన పార్టీ కండువా కప్పుకోవడానికి ఒప్పుకున్నాడని ఒకటి. నూటపన్నెండు ఓట్లవాళ్లు పోయి మొరపెట్టుకున్నారని ఒకటి. పంచాయితీ ఎన్నికలు వస్తున్నాయి కదా, మెత్తబడ్డారని ఇంకొకటి. డానియల్ క్యాంటీన్లో అయితే, పల్లెటూరోళ్లకు మళ్లీ ఏదో ఊరికే పంచిపెట్టారని అన్నారట. ఒక పిల్ల చెప్పులు విడిచి మడిలోకి దిగిందన్న కథ ఎవరూ చెప్పుకోరు. కురుమయ్య ఎదురైతే మాట్లాడుతున్నవాళ్లు ఆపేస్తారు. రేపు ఎవరి కార్డు పోయినా నింద ముందు తన మీదే పడుతుందని ఆయనకు తెలుసు.

సెంటర్ తెరిచిన నాలుగో రోజు కురుమయ్య కౌలు మడి వడ్లు తోలుకొచ్చాడు. ఆ మడిలో అదే చివరి పంట. నాగులమ్మ మిషన్ దగ్గరే ఉంది, ముఖానికి కొంగు చుట్టుకుని. మాటలు మాని పందొమ్మిది రోజులు. ఆమె మొదటి బస్తాలో చెయ్యి పెట్టి గింజ తీసింది, కొరికింది, ఊసింది. వడ్లు మిషన్లో పోయించింది. కింద పడ్డవి చూసి, ఇంకోసారి పోయించింది. తాలు ఏమీ లేదు. మూడోసారి పోయమని హమాలీకి చెయ్యి ఊపింది.

కుర్చీలో ఉన్న సారు అడిగాడు. "ఏమమ్మా, గవి బాగనే ఉన్నయి గద. ఎవరి వడ్లు?"

"మా ఇంటాయనవే."

"మరి ఇంట్లోని వడ్లకే మూడు సార్లా?"

"అయితేంది సారూ." ఆమె కురుమయ్య వైపు తిరగకుండానే, ఆయనకు వినబడేలా చెప్పింది. "గీయన మీద నాకు అనుమానమున్నది. మల్లొకసారి పట్టాలె."

కురుమయ్య బస్తా మూతి విప్పి, రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.